కోటుకి ఒక చెయ్యి ఎక్కువ

పటమటలో మా మేడ మీద గదిలో కూర్చుని నేను రియల్ ఎస్టేట్ వెంచర్లకి ఇంగ్లీషులో బ్రోచర్లు రాస్తాను. ఇదొక ఉద్యోగమని మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మైలవరం అవతల బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాని స్థలాన్ని 'ప్రకృతి ఒడి' అని రాసింది నేనే. శ్మశానం గోడని ఆనుకున్న ప్లాట్లకి 'ఇరుగుపొరుగు గోల లేని ప్రశాంతత' అని రాశాను. అది అబద్ధం కాదు. అటువైపు వాళ్ళు నిజంగానే గోల చెయ్యరు.

ఇప్పుడు చెప్పేది కూడా అలాంటి ఒక బ్రోచర్ గురించే. కాకపోతే అది స్థలానికి రాసింది కాదు, కుక్కకి రాసింది. నేను రాసిన వాటిల్లో చదివినవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించింది అదొక్కటే. అందుకే దాన్ని తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

కిందటి ఏడు మే నెలలో మా అమ్మ కారుని గేటుకి రాసింది. గేటే వచ్చి కారుని గుద్దిందని ఇప్పటికీ ఆవిడ వాదన. సొట్ట తీయించడానికి కారు తీసుకుని నేను ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షాపుకి వెళ్ళాను. మేస్త్రి సొట్టని డాక్టరు పుండుని చూసినట్టు చూస్తూ "గేటా, స్తంభమా మేడం?" అని అడుగుతుండగా, వెనక ఒక లారీ రివర్స్ తీసింది. ఆ తరవాత వచ్చిన అరుపు గురించి ఎక్కువ రాయను. రాస్తే మళ్ళీ బ్రోచర్ అవుతుంది.

పక్క షాపు షట్టర్ మూసి ఉంది. దాని ముందు పడుకున్న కుక్క ముందరి కుడికాలు మీదుగా చక్రం వెళ్ళింది. గోధుమరంగు ఆడకుక్క. చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి. మెడలో నల్లతాడు.

ఆ తాడు గురించి మాత్రం చెప్పాలి. ఆటోనగర్‌లో లారీల ముందు దిష్టి తగలకుండా కడతారే, నాలుగు పేటలుగా అల్లి, మధ్యలో గవ్వ గుచ్చి, చివర కుచ్చు వదిలిన లావుపాటి తాడు, అదీ దాని మెడలో ఉన్నది. లారీకి కట్టాల్సిన తాడుని ఎవరో కొలత తగ్గించి ఓపిగ్గా అల్లి కుక్కకి కట్టారు. లారీలు తగలకూడదనే కట్టి ఉంటారు. లారీకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఎవరిది ఈ కుక్క?" అని అడిగాను మేస్త్రిని.

"సీట్ల భాయ్‌ది మేడం. లారీలకి సీటు కవర్లు కుడతాడు, ఈ షాపే. గుండె ఆపరేషనని హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి పోయాడు. వస్తాడో రాడో కూడా తెలీదు. రోజూ నేనే దీనికి రెండిడ్లీలు పడేస్తన్నా. తింటది, మళ్ళీ పోయి ఆ షట్టర్ ముందే పడుకుంటది."

మేమిద్దరం కలిసి కుక్కని గోనెపట్టాలో చుట్టి కారెక్కించాం. సొట్ట అలాగే ఉండిపోయింది. బయల్దేరేముందు నా ఫోన్ నంబర్ ఒక చీటీ మీద రాసి మేస్త్రికిచ్చాను. "ఆయన వస్తే నాకు ఫోన్ చెయ్యమనండి" అన్నాను. అప్పట్లో నేనొక బాధ్యతగల మనిషిని. అది దాదాపు నాలుగు రోజులు నడిచింది.

వీధికుక్కల్ని చూసుకునే వాట్సాప్ గ్రూపొకటి ఉంది మాకు. నలుగురం మనుషులం, నలభై మంది సలహాదార్లు. గ్రూపుకి పెద్ద ఒక పశువుల డాక్టరమ్మ. నేను అక్కా అంటాను. అక్క రెండు రోజులు చూసి, కాలు నిలవదని తీసేసింది. తరవాత నాతో అంది:

"మూడు కాళ్ళతో దీన్ని మళ్ళీ ఆ లారీల మధ్య వదిలితే వారం ఉండదు. ఇక్కడ మూడుకాళ్ళ వీధికుక్కని ఎవరూ తీసుకోరు. బయటిదేశాల వాళ్ళయితే తీసుకుంటారు. ఒక సంస్థ ఉంది, ఫొటో పెట్టి, కథ రాస్తే ఇల్లు వెతికిపెడతారు. నువ్వు రాయి. రాయడం నీ పనేగా. దీనికి ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరక్కా" అన్నాను.

ఎందుకన్నానని తరవాత చాలాసార్లు ఆలోచించాను. ఉన్నారంటే ఆయన్ని వెతకాలి. ఆయన ఉన్నది ఏ ఆసుపత్రిలోనో, ఏ స్థితిలోనో తెలీదు. బతకని మనిషి కోసం బతికే కుక్కని ఆపడమెందుకు అనుకున్నాను. ఒక మనిషిని మనసులో అలా చంపేయడానికి నాకు ఎంతో సేపు పట్టలేదు. ఆయన పేరు కూడా తెలీదు కాబట్టి పెద్దగా నొప్పి కూడా లేదు.

ఫారంలో 'గతంలో యజమాని' అన్నచోట 'లేరు' అని రాశాను. ఫొటో తీసేముందు చూస్తే, తాడు అడ్డంగా కనిపించింది. మెడలో గవ్వ, కుచ్చు ఉన్న కుక్క దిక్కులేని కుక్కలా కనిపించదు. ఏ ఊళ్ళో అయినా అంతే. కత్తెర తెచ్చి కత్తిరించేశాను. పారేయడానికి మనసు రాలేదు, అంత బాగా అల్లాడాయన. సరదాగా ఉంటుందని నా స్కూటీ హ్యాండిల్‌కి కట్టుకున్నాను. కుక్క మెడలోంచి తీసి బండికి కట్టిన మనిషిని అప్పటికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ తరవాత కథ రాశాను. జోరువానలో, మూసిన తలుపు ముందు, తడిసి ముద్దయిన ఒక ప్రాణం. ఎప్పటికీ రాని ఎవరికోసమో ఎదురుచూపు. ఈ లోకంలో తనకంటూ ఎవరూ లేరని దాని కళ్ళకి తెలుసట. ఇదంతా ఇంగ్లీషులో రాశాను. ఇంగ్లీషులో సిగ్గు కాస్త ఆలస్యంగా వస్తుంది. మా ఇంట్లో సీరియల్ చూసి అమ్మ ముక్కు చీదితే వెక్కిరించేది నేనే. పెళ్ళిలో అప్పగింతలప్పుడు పక్కనున్నవాళ్ళని నవ్వించి తిట్లు తినేదాన్నీ నేనే. అలాంటి నేను వాన కూడా పెట్టాను. అప్పుడు మే నెల. బెజవాడలో మే నెలలో వానంటూ పడితే, ముందు ఆ వాననే ఎవరో ఒకరు దత్తత తీసుకుంటారు.

పది రోజుల్లో నెదర్లాండ్స్ నుంచి ఒక రిటైరైన టీచరమ్మ కుక్కని తీసుకుంటానని రాశారు. వాన దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆపుకోలేకపోయారట.

ఒక కుక్క ఆ దేశం వెళ్ళాలంటే మనిషి వెళ్ళడం కన్నా పద్ధతిగా వెళ్ళాలి. మెడ చర్మం కింద గుర్తింపు చిప్పు వెయ్యాలి, రేబిస్ టీకా వెయ్యాలి, నెలాగి రక్తం తీసి పరీక్షకి పంపాలి. రక్తం తీశాక మూడు నెలలు ఆగాలి. మొత్తం ఆ నాలుగు నెలలూ కుక్క అక్క క్లినిక్ వెనక షెడ్డులో ఉంది. ఆదివారాలు వెళ్ళేదాన్ని. మూడుకాళ్ళ మీద కుంటడం ఒక వారంలో నేర్చుకుంది. ఎవరైనా మోటార్ ఆన్ చేస్తే మాత్రం లేచి వచ్చి దాని పక్కన పడుకునేది. అదేం అలవాటో అప్పుడు అర్థం కాలేదు.

"వీధిలో కుక్కకి వీసా వచ్చింది. నీకొక సంబంధం మాత్రం రాదు" అనేది మా అమ్మ.

"నాకూ ఒక కాలు తీయించు, వస్తుందేమో" అనేదాన్ని.

నాలుగు నెలలంటే తక్కువ కాదు. ఆటోనగర్ మా ఇంటికి బండి మీద పావుగంట. ఒక్కసారి వెళ్ళి మేస్త్రిని అడిగితే సరిపోయేది. కారు సొట్టతోనే తిరిగింది. అమ్మ అడిగితే "మేస్త్రి బిజీ" అన్నాను. మేస్త్రికి ఆ సంగతి తెలీదు.

ఇక విమానానికి ఐదు రోజులుందనగా ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మేడం, ఆటోనగర్ నుంచి టింకరింగ్ మేస్త్రిని. భాయ్ ఫోన్ చేశాడు. బానే ఉన్నాడంట, ఏదో రెండోసారి కూడా ఆసుపత్రిలో పెట్టారంట, అందుకే ఇన్నాళ్ళు పట్టింది. వచ్చే నెల్లో వస్తన్నాడు. ముందుగాల అడిగింది కుక్క గురించే. ఏం చెప్పమంటారు?"

నా గుండె ఒక్కసారి ఆగింది. ఆగి మళ్ళీ మొదలైంది. భాయ్‌కి ఆ పని చెయ్యడానికి డాక్టర్లు కావాల్సి వచ్చింది.

"కనుక్కుని చెప్తానండీ" అన్నాను.

"కనుక్కునేదేముంది మేడం? కుక్క మీ కాడేగా ఉంది?"

"మీటింగ్‌లో ఉన్నానండీ" అని పెట్టేశాను. ఆ మీటింగ్ నాకూ పెసరట్టుకీ మధ్య.

మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఆ ఐదు రోజులూ నాకు నేను చాలా నిజాలు చెప్పుకున్నాను. టికెట్ అయిపోయింది. టీచరమ్మ పరుపు కొనేసింది. మూడుకాళ్ళ కుక్క ఆటోనగర్‌లో బతకదు. గుండె ఆపరేషనైన మనిషి దాన్నేం చూసుకుంటాడు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఇన్ని నిజాలు ఒకే వైపు వరసగా నిలబడ్డాయంటే వాటి వెనక ఏదో దాక్కుందని బ్రోచర్లు రాసే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. అసలు సంగతి వేరే ఉంది. నేను రాసింది చదివి ఒకావిడ ఏడ్చింది. ఇప్పుడు ఆవిడకి ఉత్తరం రాసి, వాన పడలేదండీ, దానికి ఒక మనిషి కూడా ఉన్నాడండీ అని చెప్పాలి. ఆ ఉత్తరం రాయడానికి సిగ్గేసి, కుక్కని పంపించేశాను.

హైదరాబాద్ నుంచి ఆ దేశం వెళ్తున్న ఒక ప్రయాణికురాలి టికెట్ మీద కుక్కని కూడా రాయించారు. అక్క క్లినిక్ ముందు వ్యాన్ ఎక్కించేటప్పుడు అది నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. బోను గొళ్ళెం నాకుతోంది. ఉప్పగా ఉందేమో.

మరుసటి నెల ఆయనే ఫోన్ చేశారు. గొంతు సన్నగా, మర్యాదగా ఉంది. "సీట్లు కుడతానమ్మా, ఆటోనగర్లో. మా పిల్ల మీ దగ్గరుందంట." ఆయన దాన్ని పిల్లా అనే పిలిచేవారట. వేరే పేరు లేదు.

ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ స్కూటీ తీశాను. అప్పటికి కొంచెం ధైర్యం మిగిలి ఉంది, అదంతా దారిలో అయిపోయింది.

షాపు షట్టర్ తెరిచి ఉంది. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, చొక్కా వదులైపోయింది. చొక్కా గుండీల మధ్యనుంచి ఆపరేషన్ గీత పైకొస కనిపిస్తోంది. నేను బండి స్టాండ్ వేస్తుంటే ఆయన లేచి నించున్నారు. నన్ను చూసి కాదు. నా హ్యాండిల్ చూసి.

"ఆ తాడు నాదమ్మా" అన్నారు.

తాడు సంగతి నాకు గుర్తే లేదు. ఆరు నెలలుగా కళ్ళముందు ఊగుతున్నదాన్ని మనిషి మర్చిపోగలడు.

"ఆపరేషన్ అప్పుడు తీయాల్సొచ్చిందండీ" అన్నాను. అది మొదటి అబద్ధం.

"ఉంచుకోమ్మా, బండికి మంచిదే. నాలుగు పేటలు అల్లేవాడు ఈ లైన్లో నేనొక్కణ్ణే" అని, బయటికి చూసి "రెండు టీ!" అని కేకేశారు. "కూర్చో. మేస్త్రి చెప్పాడు, కాలికి దెబ్బ తగిలిందంట?"

"తగ్గిపోయిందండీ." పుండు తగ్గింది. అది నిజమే.

"ఎక్కడుంది మరి?"

"నెదర్లాండ్స్‌లో అండీ."

"అది ఏ వైపు, గుంటూరు వైపా?"

నేను ఆయన ముఖం చూశాను. ఆయన నవ్వుతున్నారు. పక్క షాపులోంచి మేస్త్రి పెద్దగా నవ్వాడు. జోకులేసే మనిషి దగ్గరికి తప్పు చేసి వెళ్ళకూడదు. మనకున్న ఒకే ఒక ఆయుధం ఎదుటివాడి దగ్గర కూడా ఉంటుంది.

"ఫారినండీ. దుబాయ్ దాటి ఇంకా ఏడు గంటలు."

నవ్వు ఆగింది. టీ గ్లాసు స్టూలు మీద పెట్టారు.

"ఫారినా? నాకే పాస్‌పోర్ట్ లేదే. దానికుందా?"

"ఉందండీ."

"ఎప్పుడెళ్ళింది?"

పక్కన మేస్త్రి సుత్తి ఆగింది. నాకోసమే ఆగినట్టు అనిపించింది. "మేస్త్రిగారు ఫోన్ చేసేటప్పటికే వెళ్ళిపోయిందండీ" అన్నాను. ఇది రెండోది. మొదటిది చిన్నది. ఇది పెద్దది.

ఆయన స్టూలు మీది గ్లాసు పక్కకి జరిపారు. తరవాత అడిగారు, "ఇంట్లోనే పెట్టుకుంటారా దాన్ని?"

"ఇంట్లోనే అండీ. సోఫా మీద పడుకుంటుంది."

"నేనెప్పుడూ ఇంట్లోకి రానివ్వలేదమ్మా. షాపులోనే. నమాజుకి పోయేముందు బట్టలు మార్చుకునేవాణ్ణి, అది ముట్టుకుంటే మళ్ళీ మార్చుకోవాలి. రోజుకి ఎన్నిసార్లు తిట్టేవాణ్ణో. ఇదిగో, ఇక్కడ పడుకునేది. మిషన్ తిరుగుతుంటే వైబ్రేషన్‌కి నిద్రపోయేది. మిషన్ ఆపితే లేచి నా మొహంకేసి చూసేది, పని చెయ్యవేం అన్నట్టు. ఒకప్పటి మా ఓనరు కూడా అంత గట్టిగా ఎప్పుడూ చూళ్ళేదు."

ఫొటో చూపించమన్నారు. నా ఫోన్‌లో టీచరమ్మ పంపినవి పదిహేడున్నాయి. మూడుకాళ్ళు కనపడనిది ఒక్కటే, దిండు మీద తల పెట్టుకున్నది. అదే చూపించాను. ఆయన వేలితో పక్కకి జరపబోతే ఫోన్ తీసేసుకున్నాను. "చార్జింగ్ అయిపోతోందండీ" అన్నాను. ఇంక లెక్కపెట్టడం మానేశాను.

"చలి ఎక్కువేమో అక్కడ."

"మంచు పడుతుందండీ."

"అయితే ఒక కోటు కుడతా. పంపిస్తావా?"

వద్దని అనడానికి ఏ కారణమూ దొరకలేదు. ఉన్న ఒక్క కారణమూ చెప్పలేనిది. ఆయన అప్పుడే టేపు తీసి నేల మీద వంగారు. కుక్క లేదు కదా, మరి దేన్ని కొలుస్తారు అనుకున్నాను. మిషన్ ముందుకాలు నుంచి పెడల్ అంచు దాకా కొలిచారు. "దాని పొడవింతే. ఇక్కణ్ణుంచి ఇక్కడికి సరిగ్గా పట్టేది" అన్నారు. మెడకి తన రెండు అరిచేతులు గుండ్రంగా పెట్టి, ఆ చుట్టు కొలవమని టేపు నాకిచ్చారు. కొలిచాను. ఆయన ముఖం చూడకుండా అంకె చదివాను.

వారానికి కోటు తయారైందని కబురొచ్చింది. ఈసారి తాడు కనపడకుండా బండి రెండు వీధుల అవతల పెట్టి నడిచి వెళ్ళాను. మెరూన్ రంగు రెక్సిన్, అంచులకి పసుపు పైపింగ్, లోపల పల్చటి స్పాంజి, దానికింద మెత్తటి దుప్పటిగుడ్డ. చూస్తే లారీ డ్రైవర్ సీటు లేచి నడిచి వెళ్తుందా అన్నట్టుంది. టీ చెప్పారు. కోటు తిప్పి చూపించారు.

"ముందు కాళ్ళకి రెండు చేతులు పెట్టా చూడు. నడిచేటప్పుడు పట్టెయ్యకుండా చంక దగ్గర వదులిచ్చా."

రెండు చేతులు. చంక దగ్గర చిన్న ముక్క అతికి, ఒకటికి రెండుసార్లు కుట్టేశారు. నేను "చాలా బావుందండీ" అన్నాను. టీ సగంలో వదిలేసి కోటు తీసుకున్నాను.

ఇంటికొచ్చి కోటు కుర్చీ మీద వేశాను. పోస్టాఫీసుకి వెళ్ళకుండా నాలుగు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అమ్మ వచ్చి చూసింది.

"కుర్చీకి కవరు కుట్టించావా?"

"కుక్కకి కోటు."

అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక చెయ్యి ఎక్కువన్న సంగతి ఆవిడకి వెంటనే అర్థమైంది. మా అమ్మ కారు గేటుకి రాస్తుంది కానీ లెక్క తప్పదు. "ఆయనకి చెప్పలేదా?" అంది.

"లేదు."

"అయితే ఆ చెయ్యి కత్తిరించి కుట్టేసి పంపు. ఆయనేం చూడొస్తాడా?" అని సొరుగులోంచి కత్తెర తీసి నా ముందు పెట్టి వెళ్ళింది. నా మేలు కోరి చెప్పిన మాటే.

అదే కత్తెర. మెడలో తాడు కత్తిరించిన కత్తెర. రెండో పని కూడా దాంతోనే అయిపోతుంది. ఎవరికీ తెలీదు. రెక్సిన్ మీద చిన్న అతుకు, లోపల నాలుగు కుట్లు. వేళ్ళు దూర్చి కత్తెర తెరిచాను కూడా. ఆ చంక దగ్గర జంటకుట్టు కనిపించింది. నడిచేటప్పుడు పట్టెయ్యకూడదని ఆయన వేసింది.

స్కూటీ తీసి, ఈసారి షాపు ముందే ఆపాను. హ్యాండిల్‌కున్న తాడు విప్పుకుని లోపలికెళ్ళాను. ఆయన ఏదో లారీ సీటు మీద పని చేస్తున్నారు.

"పంపించావా తల్లీ?"

"లేదండీ. కోటుకి ఒక చెయ్యి ఎక్కువైందండీ" అన్నాను. అది జోకులా వినిపించింది. నేను ఏం చెప్పినా అలాగే వినిపిస్తుంది, ఇరవై ఏడేళ్ళ అలవాటు. ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

నేను ఫోన్ తీసి పదిహేడు ఫొటోలూ ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటే జరిపి చూశారు. మంచులో మూడుకాళ్ళ మీద నించున్న ఫొటో దగ్గర చాలా సేపు ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏ చెయ్యి?" అన్నారు.

"కుడి."

కోటు తీసుకుని, బ్లేడుతో కుడిచేతి కుట్టు విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో దారప్పోగూ లాగి బల్ల అంచున పెడుతున్నారు. చెయ్యి ఊడొచ్చింది. రంధ్రానికి సరిపోయే ముక్క సుద్దతో గీసి, కత్తిరించి, మిషన్ కింద పెట్టారు. మిషన్ మొదలైంది. అది పాత మిషన్, తిరిగితే షాపంతా అదురుతుంది.

అప్పుడు చెప్పాను. ఆ శబ్దంలోనే చెప్పాను. మేస్త్రి ఫోన్ చేసినప్పుడు కుక్క ఇక్కడే ఉందని, ఇంకా ఐదు రోజులు టైముందని, మీరున్నారని నాకు తెలిసి కూడా పంపించానని. వినపడకపోతే వినపడకపోనీ అన్న ఆశతోనే ఆ సమయం ఎంచుకున్నాను. అంత పిరికిగా ఎవరైనా నిజం చెబుతారా అంటే, నేను చెప్పాను.

ఆయన మిషన్ ఆపారు.

"మళ్ళీ చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను. పక్కన సుత్తి శబ్దం కూడా లేదు. తాడు ఫొటో కోసం కత్తిరించానని చెప్పాను. ఎవరూ లేరని రాశానని చెప్పాను. వాన పెట్టానని కూడా చెప్పాను. "కావాలంటే ఆవిడకి రాస్తానండీ. వెనక్కి పంపమని అడుగుతాను" అన్నాను.

"వెనక్కొచ్చి ఏం చేస్తది? మూడుకాళ్ళతో ఈ లారీల మధ్య?" అన్నారు. మిషన్ మీంచి చెయ్యి తీసి, "నేనైనా పంపించమనే అనేవాణ్ణేమో. ఏమో. కానీ ఆ మాట నన్నడగాల్సిందమ్మా" అన్నారు.

అంతే. తిట్టలేదు. తిడితే ఎదురు ఒక జోకు వేసే వీలుండేది. ఆయన నాకు ఆ వీలివ్వలేదు.

నేను తాడు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి, నేను కత్తిరించిన కొసలు మళ్ళీ అల్లి, కోటు మెడ దగ్గర పెట్టి చేతిసూదితో కుట్టేశారు. గవ్వ సరిగ్గా మధ్యకొచ్చేటట్టు రెండుసార్లు సర్దారు. కోటు మడిచి నా చేతికిచ్చారు. ఆ రోజు టీ చెప్పలేదు.

కోటుతో పాటు టీచరమ్మకి ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో ఒక్క విశేషణం లేకుండా నేను రాసింది అదొక్కటే, అందుకే సగం పేజీకే అయిపోయింది. వాన పడలేదని, దానికి ఒక మనిషి ఉన్నాడని, ఈ కోటు ఆయన కుట్టిందని, తాడు ఆయన అల్లిందని రాశాను. సంస్థకి కూడా రాశాను, వాళ్ళ పేజీలో ఆ కథ తీసేయమని. ఎక్కువమంది చదివేది అదే కాబట్టి ఉంచుతామన్నారు. నేను మళ్ళీ రాస్తే, యజమాని లేరన్న మాట తీసేశారు. వాన మాత్రం ఇంకా పడుతూనే ఉంది.

టీచరమ్మ రెండు వారాల పైన ఏమీ రాయలేదు. తరవాత ఒక ఫొటో పంపారు. కింద రెండు వాక్యాలు: ఇది ఆయనకి చూపించండి. నాకు ముందే చెప్పి ఉంటే బావుండేది.

ఆవిడకీ ఆయనకీ ఒకరి మాట ఒకరికి తెలీదు. ఇద్దరూ ఒకే మాట అన్నారు.

ఫొటోని ఫోన్‌లో చూపించకుండా, పటమటలో స్టూడియోలో పెద్దగా ప్రింట్ తీయించాను. ఏ వైపూ కత్తిరించొద్దని ఫొటోగ్రాఫర్‌కి రెండుసార్లు చెప్పాను. మెరూన్ కోటు, పసుపు అంచు, మెడలో గవ్వ, మూడుకాళ్ళు, చుట్టూ మంచు. చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి.

ఆయన మిషన్ ఆపి, ఫొటో రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి వచ్చారు. మూసేసిన చేతి దగ్గర వేలు పెట్టి చూశారు.

"పైపింగ్ కొంచెం వంకరపోయింది" అన్నారు.

"బానే ఉందండీ."

"లేదు. ఆ రోజు చెయ్యి కుదరలేదు."

ఫొటోని మిషన్ ఎదురుగా గోడకి, దారపు కండెల మేకుకి గుచ్చారు. వచ్చి కూర్చుని పెడల్ మీద కాలు పెట్టారు. నన్ను కూర్చోమనలేదు. వెళ్ళమని కూడా అనలేదు. మిషన్ మొదలైంది. నేల అదిరింది. పెడల్ పక్కన, ఆయన టేపు పెట్టి కొలిచిన చోట, ఖాళీగా ఉంది. నేను దాన్ని తొక్కకుండా పక్కగా నించున్నాను.